పదో తరగతి మధ్యలోనే ఆగిందా? తక్కువ డబ్బుతో మళ్లీ మొదలుపెట్టడం ఎలా

పెళ్లి, అప్పులు, నాన్నకు జబ్బు చేయడం, ఊళ్లో హైస్కూల్ లేకపోవడం. చదువు ఆగిపోవడానికి కారణాలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. ఇప్పుడు ముప్పయ్యో నలభయ్యో దాటాక, నెల గడవడమే కష్టంగా ఉన్నప్పుడు, పదో తరగతి మెమో ఎలా తెచ్చుకోవాలో మాత్రం వరసగా చెప్తాను. ఆదివారాలు ఓపెన్ స్కూల్ (రోజూ బడికి వెళ్లకుండా ఇంట్లో చదువుకుని పరీక్షలు రాసే పద్ధతి) క్లాసులు చెప్తుంటాను కాబట్టి రకరకాల వాళ్లను చూస్తుంటాను. ఫీజు కట్టలేక మానేసినవాళ్లు వాళ్లలో తక్కువ. దళారికి డబ్బిచ్చి మోసపోయినవాళ్లు, కాగితాల్లో పేర్లు కలవక తిరిగి తిరిగి విసిగిపోయినవాళ్లు, పరీక్షల రోజుల్లో కూలి పోతుందని ఆగిపోయినవాళ్లే ఎక్కువ. అందుకే ఫీజు కన్నా వీటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

1. ముందు, ఏ పని కోసమో తేల్చుకోండి

"చదువుకోవాలని ఉంది సార్" అంటారు చాలామంది. మంచిదే. కానీ ఆ ఒక్క మాటతో సబ్జెక్టులు ఎంచుకోలేం. మెమో చేతికి వచ్చాక దాన్ని ఎక్కడ చూపించబోతున్నారు? ఐటీఐలో చేరాలా? ఆఫీసులో అటెండర్‌గా ఉండి ప్రమోషన్ కోసమా? తర్వాత ఇంటర్, డిగ్రీ కూడా చేసే ఆలోచన ఉందా? లేక పిల్లల ముందు "పదో తరగతి పాస్" అని చెప్పుకుంటే చాలా? ఆఖరిది కూడా సరైన కారణమే, ఎవరూ నవ్వక్కర్లేదు. కాకపోతే ఒక్కో పనికి ఒక్కో రకం సబ్జెక్టులు కావాలి.

ఉద్యోగం కోసమైతే, ఆ ఉద్యోగం పాత నోటిఫికేషన్ ఒకటి సంపాదించి అర్హత దగ్గర ఏం రాశారో చదవండి. పది చాలనుకుని మొదలుపెట్టి, తీరా ఇంటర్ అడుగుతున్నారని తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఐటీఐకి, పాలిటెక్నిక్ ప్రవేశపరీక్ష పాలిసెట్‌కు గరిష్ఠ వయసు అడ్డు లేదు. అయితే రెండూ పగటిపూట కాలేజీలు. పగలు పని మానలేనివాళ్లు ఆ దారి లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది.

2. మూడే గుర్తుపెట్టుకోండి

తెలంగాణలో ఉంటే తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ. ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ. ఎక్కడ ఉన్నా చేరగలిగేది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్. పదో తరగతికి ఈ మూడింటి అవతల వెతకాల్సిన పని లేదు. భివండీలోనో సూరత్‌లోనో మగ్గాల పనికి వెళ్లి అక్కడే స్థిరపడినవాళ్లకు ఎన్ఐఓఎస్ సుఖం. దాంట్లో పదో తరగతి తెలుగు మీడియంలో కూడా రాయొచ్చు.

పదో తరగతిలో చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు, పైన ఎంతైనా పర్వాలేదు. ఏడులో ఆపేసినా, తొమ్మిదిలో ఆపేసినా నేరుగా పదిలోనే చేరతారు. అసలు బడి గడప తొక్కనివాళ్లు కూడా, చదవడం రాయడం వచ్చునని సొంతంగా డిక్లరేషన్ ఇచ్చి చేరొచ్చు. ఒకసారి చేరితే రిజిస్ట్రేషన్ ఐదేళ్లు పనిచేస్తుంది. ఈ లోపల పాసైన సబ్జెక్టు పాసైనట్టే, మిగిలినవే మళ్లీ రాసుకోవాలి. రాష్ట్ర ఓపెన్ స్కూళ్లలో పాస్ మార్కు 35, ఎన్ఐఓఎస్‌లో 33.

నోటిఫికేషన్ మామూలుగా వేసవి సెలవులు అయ్యాక వస్తుంది. గడువు దాటితే లేట్ ఫీజుతో కొన్నాళ్లు పొడిగిస్తారు. ఆ లేట్ ఫీజు అనవసరపు ఖర్చు. జూన్ రాగానే మీ దగ్గర్లో స్టడీ సెంటర్ (ఓపెన్ స్కూల్ క్లాసులు జరిగే చోటు) ఏ హైస్కూల్లో ఉందో కనుక్కుని, అక్కడి కోఆర్డినేటర్ నంబర్ తీసుకోండి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, మీసేవలోనో ఇంటర్నెట్ సెంటర్‌లోనో నింపిస్తారు. మహిళా సంఘంలో ఉన్నవాళ్లు సంఘం మీటింగ్‌లో ఒక మాట అడిగి చూడండి. మీలాగే ఆగిపోయినవాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు బయటపడతారు. తోడు ఉంటే క్లాసులకు వెళ్లడం సులువు, పుస్తకం జిరాక్సు ఖర్చు కూడా పంచుకోవచ్చు.

ఇక దళారుల సంగతి. కరెంటు స్తంభాల మీద, ఆటోల వెనక "టెన్త్, ఇంటర్ పాస్ గ్యారంటీ", "సింగిల్ సిట్టింగ్ డిగ్రీ" అని నంబర్లు కనిపిస్తాయి కదా. ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడతారు. "మీరు పరీక్షకు రానక్కర్లేదక్కా, మేం చూసుకుంటాం" అంటారు. వాళ్లు చూసుకునేది రెండు రకాలు. ఒకటి, మీ పేరు మీద వేరేవాళ్లను కూర్చోబెట్టడం. దొరికితే కేసు మీ మీద కూడా పడుతుంది. రెండోది, పేరు వింటే ప్రభుత్వానిదే అనిపించే ఏదో బోర్డు మెమో ప్రింట్ చేసి ఇవ్వడం. ఉద్యోగంలో చేరాక ఆఫీసువాళ్లు జెన్యూన్‌నెస్ కోసం బోర్డుకు రాస్తారు, అప్పుడు బయటపడుతుంది. డబ్బు పోతుంది, ఉద్యోగం పోతుంది, పరువు కూడా పోతుంది. "ఒక్క ఏడాదిలో పది, ఇంటర్ రెండూ" అన్నాడంటే వాడికి నిబంధనలు తెలియవు, లేదా మీకు తెలియవని వాడికి తెలుసు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికీ ఇంటర్‌కీ మధ్య రెండేళ్ల ఎడం ఉండాల్సిందే.

3. కాగితాలు: ఎక్కువ ఓపిక ఇక్కడే కావాలి

పదో తరగతి మెమోలో పడిన పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఇక జీవితాంతం మీ వెంట వస్తాయి. పాస్‌పోర్ట్‌కు, ఉద్యోగానికి, పెన్షన్‌కు దాన్నే చూస్తారు. మెమో వచ్చాక దిద్దించుకోవడం పెద్ద తలనొప్పి. కాబట్టి దరఖాస్తు నింపకముందే ఒక పూట కూర్చుని మీ కాగితాలన్నీ చాప మీద పరిచి పెట్టుకోండి. ఆధార్, రేషన్ కార్డు, కుల సర్టిఫికెట్, పాత టీసీ ఉంటే టీసీ. అన్నింట్లో పేరు ఒకేలా ఉందా?

చాలామందికి ఉండదు. ఆడవాళ్లకైతే ఇది దాదాపు ఖాయం. బళ్లో పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు పడి ఉంటుంది. బళ్లో "లక్ష్మి", ఆధార్‌లో "లక్ష్మీదేవి", రేషన్ కార్డులో "లచ్చమ్మ". ముగ్గురూ ఒక్కరేనని మనకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. బడి రికార్డు ఉంటే దాని ప్రకారమే నడవాలి, ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోవాలి. అయితే ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే. ఇప్పటికే ఒకసారి వాడేసి ఉండొచ్చు. తొందరపడి ఆధార్ సెంటర్‌కు పరిగెత్తకుండా, ఏ స్పెల్లింగ్ ఖాయం చేయాలో ముందు ఇంట్లో తేల్చుకుని, కోఆర్డినేటర్‌కు చూపించి, అప్పుడు వెళ్లండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా మళ్లీ మొదటికొస్తుంది.

పుట్టిన తేదీ ఇంకో కథ. ఆధార్ నమోదుకు వచ్చినవాళ్లు వయసు అడిగి, సంవత్సరం లెక్కగట్టి రాసుకుపోవడంతో మన ఊళ్లల్లో సగంమంది జనవరి 1న పుట్టారు. బళ్లో చూస్తే పంతులుగారు జూన్‌లో చేర్చుకుంటూ, వయసు సరిపోవడానికి ఏదో ఒక తేదీ వేసి ఉంటారు. ఈ రెండూ కలవకపోతే బడి రికార్డులో ఉన్నదే పట్టుకోండి. అసలు బడికే వెళ్లనివాళ్లు, పుట్టిన సర్టిఫికెట్ లేనివాళ్లు, ఆలస్యపు జనన నమోదుకు మీసేవ ద్వారా దరఖాస్తు చేసుకుంటే ఆర్డీవో ఆఫీసు నుంచి విచారణ జరుగుతుంది. దీనికి సమయం పడుతుంది కాబట్టి నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి.

టీసీ పోయిందా? చదివిన బడికి వెళ్లండి. ఏ ఏడాది మానేశారో సుమారుగా, ఏ తరగతో, తండ్రి పూర్తి పేరేమిటో ఒక చీటీ మీద రాసుకుని వెళ్తే పని తొందరగా అవుతుంది. పాత అడ్మిషన్ రిజిస్టర్ బీరువాలో అట్టడుగున ఉంటుంది. దుమ్ము దులిపి, సంవత్సరం వారీగా తిరగేసి మీ పేరు పట్టుకోవాలి. జూన్‌లో అడ్మిషన్ల హడావిడి, మార్చిలో పరీక్షల హడావిడి. ఆ రెండు నెలలూ తప్పించి, పొద్దున ప్రార్థన అయిపోయి క్లాసులు మొదలయ్యాక వెళ్తే హెడ్ మాస్టర్ నాలుగు మాటలు వినే తీరికలో ఉంటారు. రిజిస్టర్‌లో మీ పేరు దొరకగానే అడ్మిషన్ నంబర్ రాసుకోండి. అనుమతి అడిగి ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకోండి. మీరు చదివింది ప్రైవేటు స్కూలై, అది మూతపడి ఉంటే మండల విద్యాధికారి ఆఫీసులో అడగాలి.

ఫీజు రాయితీ కావాలంటే కుల సర్టిఫికెట్, దివ్యాంగులైతే సదరం సర్టిఫికెట్ కూడా ఈ కట్టలోనే పెట్టుకోండి. అన్నింటినీ ఒకసారి స్కాన్ చేయించి ఫోన్‌లో ఉంచుకుంటే, ప్రతిసారీ ఇంటర్నెట్ సెంటర్‌లో డబ్బులు కట్టే బాధ తప్పుతుంది.

4. సబ్జెక్టుల ఎంపిక: "ఏది సులువు సార్?"

ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి, వాటిలో భాష ఉండాలి. మామూలు బడిలాగా అన్నీ తప్పనిసరి కాదు. లెక్కలు లేకుండా కూడా పదో తరగతి పాసవ్వొచ్చు. ఎకనామిక్స్, హోమ్ సైన్స్, బిజినెస్ స్టడీస్ లాంటివి ఎంచుకునే వీలుంది. ఈ మాట వినగానే సగంమంది ముఖాలు వెలుగుతాయి.

కానీ ఒక్క నిమిషం ఆగండి. లెక్కలు వదిలేస్తే పాలిటెక్నిక్ దారి మూసుకుపోతుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ లాంటి ట్రేడ్లకు లెక్కలు, సైన్సు అడుగుతారు. అందుకే ముందు "ఏ పని కోసం" అని తేల్చుకోమన్నాను. ప్రమోషన్ కోసమో, ఆర్ట్స్ గ్రూపుతో ఇంటర్ కోసమో అయితే లెక్కలు వదిలేసినా నష్టం లేదు. ఇంగ్లిష్ మాత్రం భయపడి వదలకండి. ఇంటర్‌లోనూ ఉద్యోగంలోనూ ఎక్కడో ఒకచోట అది ఎదురవుతుంది. ముప్పై అయిదు మార్కుల ఇంగ్లిష్ అంటే ఒక ఉత్తరం, ఒక చిన్న వ్యాసం, పాఠం ఇచ్చి అడిగే ప్రశ్నలు, కొంచెం గ్రామర్. మీరనుకునేంత భూతమేం కాదు.

హోమ్ సైన్స్ గురించి ఒక మాట. దాన్ని ఆడవాళ్ల సబ్జెక్టు అని మగవాళ్లు పక్కన పెడతారు. తిండిలోని పోషకాలు, ఇంటి బడ్జెట్, బట్టల రకాలు, పిల్లల పెంపకం. ఇల్లు నడిపిన ఎవరికైనా సగం తెలిసిన విషయాలే. క్యాటరింగ్ చేసేవాళ్లకు, హాస్టల్ వంటవాళ్లకు ఇందులో మార్కులు చేతిలో ఉన్నట్టే.

రెగ్యులర్‌గా పదో తరగతి రాసి ఒకటి రెండు సబ్జెక్టుల్లో తప్పినవాళ్లు, పాసైన వాటిలో రెండింటి మార్కులను ఓపెన్ స్కూల్‌కు బదిలీ చేయించుకునే వీలుంటుంది. దీన్ని టీఓసీ అంటారు. అందరికీ వర్తించదు కాబట్టి పాత మెమో తీసుకెళ్లి చేరేరోజే అడగండి. చేరిపోయాక గుర్తొస్తే లాభం లేదు.

5. అసలు ఖర్చు ఎంతో కాగితం మీద వేయండి

పదో తరగతి అడ్మిషన్, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి సుమారు వెయ్యి, రెండు వేల రూపాయల మధ్యలో ఉంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, దివ్యాంగులకు రాయితీ ఉంటుంది. పుస్తకాలు ఓపెన్ స్కూల్ వాళ్లే ఇస్తారు. పరీక్ష ఫీజు వేరు, సబ్జెక్టు లెక్కన కట్టాలి. ఇది చెప్పని దళారులు చేరేటప్పుడు అంతా కలిపే అంటారు, పరీక్ష ముందు మళ్లీ చేయి చాపుతారు. ఎవరికి కట్టినా ఆన్‌లైన్ రసీదు అడగండి. రసీదు ఇవ్వనన్నచోట రూపాయి కూడా ఇవ్వకండి.

కానీ పెద్ద ఖర్చు వేరే ఉంది. రోజుకు 500 కూలి వచ్చే మనిషికి ఐదు పేపర్లంటే ఐదు రోజుల పని, అంటే 2,500. ఫీజు కన్నా ఇదే ఎక్కువ. క్లాసుల ఆదివారాలు, టీసీ కోసం తిరిగిన రోజులు కలిపితే ఇంకా. దీన్ని ముందే లెక్కేసుకోనివాళ్లు పరీక్షల వారంలో చేతులెత్తేస్తారు.

దీనికి నేను చెప్పే ఉపాయం పరీక్షలు విడగొట్టుకోవడం. ఓపెన్ స్కూల్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు: తెలంగాణలో ఒకటి ఏప్రిల్, మే వైపు, ఇంకోటి సెప్టెంబర్, అక్టోబర్ వైపు. ఆంధ్రప్రదేశ్‌లో నెలలు వేరు, కోఆర్డినేటర్‌ను అడగండి. ఐదూ ఒకేసారి రాయాలని ఎవరూ కొట్టరు. మొదటిసారి రెండు, తర్వాత మూడు. పోయే కూలి రెండుగా చీలుతుంది, చదవాల్సింది కూడా చీలుతుంది. మీ పనికి ఏ సీజన్ రద్దీయో చూసుకోండి. వ్యవసాయ కూలీలకు ఏప్రిల్‌లో యాసంగి వరి కోతలు, అక్టోబర్‌లో పత్తి తీతలు. దర్జీలకు, క్యాటరింగ్ వాళ్లకు పెళ్లిళ్ల మే నెలలో ఊపిరి సలపదు. రద్దీ ఉన్న సీజన్‌లో తక్కువ పేపర్లు, ఖాళీగా ఉండేటప్పుడు ఎక్కువ పేపర్లు పెట్టుకోండి. పరీక్ష ఫీజు కట్టేది కూడా ఆ సబ్జెక్టులకే.

బస్సు ఖర్చు ఆడవాళ్లకు లేనట్టే. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. కాబట్టి ఊళ్లో ఉన్న సెంటర్ సరిగ్గా నడవకపోతే, బాగా చెప్పే పక్క మండలం సెంటర్ ఎంచుకోవడానికి వెనకాడక్కర్లేదు. సెంటర్ ఎంపికలో నేను చూసేది ఒక్కటే: ఆదివారం నిజంగా క్లాస్ జరుగుతోందా? చేరకముందు ఒక ఆదివారం వెళ్లి బయటి నుంచి చూసి రండి. తాళం వేసి ఉంటే ఇంకో సెంటర్ చూసుకోండి.

దీని కోసం వడ్డీకి అప్పు మాత్రం చేయకండి. మైక్రో ఫైనాన్స్ వాయిదా నెత్తిన ఉంటే పుస్తకం ముందు కూర్చున్నా మనసు నిలవదు. ఏప్రిల్ పరీక్షలకు దసరా నుంచే పోపుల డబ్బాలో వారానికి వందో యాభయ్యో వేస్తూ పోతే, పరీక్షలనాటికి పోయే కూలి చాలావరకు పూడుతుంది. ఆ డబ్బా దేనికోసమో ఇంట్లో అందరికీ చెప్పండి. లేకపోతే గ్యాస్ బండ వచ్చినరోజు ఖాళీ అవుతుంది.

6. ఇరవై ఏళ్ల తర్వాత పుస్తకం పట్టడం

పుస్తకాలు ఇంటికొచ్చిన మొదటి వారం అందరికీ ఉత్సాహమే. రెండోవారం నిద్ర మొదలవుతుంది. రాత్రి అన్నాలయ్యాక చదువుదామని పెట్టుకున్నవాళ్లలో నిలబడినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. పొద్దున పాలప్యాకెట్ వచ్చేలోపు అరగంట, పని మధ్యలో దొరికే పది నిమిషాలు, అంతే. మా క్లాసుకు వచ్చే ఒక టైలరక్క సైన్సు నిర్వచనాలు చిన్న చీటీల మీద రాసి మిషన్ తల మీద అంటించుకుంటుంది. జాకెట్టు అయ్యేలోపు ఒకటి నోటికొచ్చేస్తుంది, అది పీకేసి ఇంకోటి. నూనె మరకలు పడ్డ ఆ చీటీలే ఆమె నోట్స్. ఒక ఆటో అన్న స్టాండులో వరస వచ్చేదాకా చెవిలో పాఠం పెట్టుకుంటాడు. బండి కదిలితే మాత్రం తీసేస్తాడు.

చదవడం కన్నా ముందు చేయాల్సింది ఒకటుంది: రాయడం. పరీక్ష మూడు గంటలు. ఏళ్ల తరబడి సంతకం తప్ప ఏమీ రాయని చేతికి పావుగంటలోనే బొటనవేలి దగ్గర నొప్పి మొదలవుతుంది. జవాబు తెలిసి కూడా సగం పేపర్ ఖాళీగా ఇచ్చి వచ్చేది ఇందువల్లే. చేరిన రోజు నుంచే రోజూ ఒక పేజీ పాఠం చూసి రాయండి. అక్షరాలు గుండ్రంగా రాకపోయినా పర్వాలేదు, చేయి ఆగకూడదు. నెల తర్వాత చూడకుండా రాయండి. పరీక్ష నెలకు ముందు ఒక ఆదివారం గడియారం పెట్టుకుని పాత ప్రశ్నపత్రం మూడు గంటలూ రాసి చూడండి. అది దాటితే టెన్షన్ సగం తగ్గుతుంది.

పాత ప్రశ్నపత్రాలు కోఆర్డినేటర్ దగ్గరో, సొసైటీ వెబ్‌సైట్‌లోనో దొరుకుతాయి. బజారులో దొరికే గైడ్ కొనేముందు వీటిని తిరగేయండి. కొన్ని పాఠాల నుంచి ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తాయి. ముప్పై అయిదు లక్ష్యమైతే ఆ పాఠాలు గట్టిగా పట్టుకోవాలి. మిగిలినవి ఓపిక ఉంటే చూడండి. ఇది అడ్డదారి కాదు. పని చేసుకుంటూ చదివేవాళ్లు చదవాల్సిన పద్ధతే ఇది.

డబ్బు పెట్టకుండా పాఠాలు వినాలంటే టీశాట్ విద్య ఛానెల్ ఉంది, టీవీలోనూ యూట్యూబ్‌లోనూ వస్తుంది. ఏ రాష్ట్రంలో ఉన్నా వినొచ్చు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు డేటా మిగిలి ఉంటే, మర్నాటి పాఠం డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. అర్ధరాత్రి దాటితే ఆ డేటా ఎలాగూ పోయేదే. ఇంట్లో కూర్చునే చోటు లేనివాళ్లకు శాఖా గ్రంథాలయాలు ఉన్నాయి. ఫ్యాన్, బల్ల, నిశ్శబ్దం, మూడూ ఉచితం. హైదరాబాద్‌లో ఉంటే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి చూడండి. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు చదివేవాళ్లతో నిండి ఉంటుంది. అక్కడ మీ వయసు ఎవరూ పట్టించుకోరు.

ఇంట్లో హైస్కూల్ పిల్లలుంటే లెక్కలు వాళ్లనే అడగండి. మొదట నవ్వుతారు, తర్వాత వాళ్లే టీచరమ్మలై కూర్చుంటారు. అత్తగారో భర్తో "ఈ వయసులో ఇప్పుడెందుకు" అంటే వాదన పెట్టుకోకండి. పరీక్షల తేదీలు మాత్రం నెల ముందే చెప్పండి. ఆ రోజుల్లో వంట ఎవరు, పిల్లల్ని బడికి ఎవరు అన్నది అప్పుడే మాట్లాడి పెట్టుకోవాలి. పనిచేయించే మేస్త్రీకి, యజమానికి కూడా అంతే. ముందురోజు సెలవడిగితే కుదరదంటారు, నెల ముందు చెప్తే చాలామంది సర్దుకుంటారు.

7. పరీక్షల వారం

హాల్ టికెట్ రాగానే పేరు, ఫోటో, సబ్జెక్టులు, మీడియం సరిచూసుకోండి. తెలుగు మీడియం బదులు ఇంగ్లిష్ మీడియం పడిందని పరీక్ష హాల్లో చూసుకుని ఏడ్చినవాళ్లున్నారు. తప్పుంటే ఆ రోజే కోఆర్డినేటర్‌కు చెప్పండి. సెంటర్ ఎక్కడో ముందురోజే ఒకసారి చూసి వస్తే మంచిది. ఆధార్ దగ్గర పెట్టుకోండి, రెండు పెన్నులు పెట్టుకోండి. హాల్లో చీటీలు అందిస్తామని ఎవరైనా చెవిలో ఊదితే ఆ పక్కకే పోకండి. ఫ్లయింగ్ స్క్వాడ్‌కు పట్టుబడితే ఆ పేపర్‌తో ఆగదు.

ఒకటి పోయిందా? పోనివ్వండి. మీ రిజిస్ట్రేషన్ ఐదేళ్లు ఉంటుంది. పోయిన సబ్జెక్టు ఒక్కదానికే ఫీజు కట్టి వచ్చే విడతలో రాయండి. ఒకే సబ్జెక్టు రెండు మూడుసార్లు తంతుంటే, దాన్ని మార్చుకునే వీలుందేమో అడగండి.

8. పాసయ్యాక

ఇంటర్ కూడా ఓపెన్ స్కూల్లోనే చేయొచ్చు. రెండేళ్ల ఎడం గురించి పైన చెప్పాను కదా, ఆ లెక్కన ప్లాన్ చేసుకోండి. డిగ్రీకి తెలంగాణలో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా హైదరాబాద్‌లో మొదలైంది, దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇదే. ఎక్కడివాళ్లకైనా ఇగ్నో, అంటే కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో దాని ప్రాంతీయ కేంద్రాలున్నాయి, జనవరిలోనూ జులైలోనూ చేర్చుకుంటారు. అచ్చు పుస్తకాలు వద్దు, డిజిటల్ చాలంటే ఫీజు కొంత తగ్గిస్తారు. పుస్తకాలు ఇగ్నో వెబ్‌సైట్ ఈ-జ్ఞాన్‌కోశ్‌లో ఎలాగూ ఉచితంగా ఉంటాయి. డిగ్రీకి దూరవిద్యలో ఎక్కడ చేరినా ఇప్పుడు యూజీసీ డెబ్ ఐడీ (దూరవిద్య విద్యార్థి గుర్తింపు నంబర్) తప్పనిసరి. దానికి ముందు డిజిలాకర్‌లో ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబర్) చేసుకోవాలి. రెండూ ఉచితమే. అయినా ఇంటర్నెట్ సెంటర్‌లో వందలకు వందలు అడిగేవాళ్లున్నారు, జాగ్రత్త. ఇంటర్ లేకుండా నేరుగా డిగ్రీ అని ఎవరైనా అంటే చేరకండి. అలా చదివినవాళ్లకు తర్వాత ఉద్యోగాల్లో, ప్రమోషన్లలో చిక్కులొచ్చాయి.

ఇక మెమో. స్టడీ సెంటర్‌లో అది చేతికి ఇవ్వగానే సంతకం పెట్టేముందు పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే అక్కడికక్కడే రాతపూర్వకంగా ఇవ్వండి, రోజులు గడిచేకొద్దీ పని కష్టమవుతుంది. మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా అడిగి తీసుకోండి, వేరే బోర్డుకో యూనివర్సిటీకో వెళ్లినప్పుడు అడుగుతారు. ఫోన్‌లో రెండువైపులా ఫోటో తీసి, నాలుగైదు జిరాక్సులు తీయించి, అసలుదాన్ని ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టండి. సంతోషంలో లామినేషన్ మాత్రం చేయించకండి. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో కాగితం, సీలు, సంతకం పరీక్షగా చూడాల్సి వస్తే అది అడ్డం. తర్వాత ఊడదీయబోతే అచ్చు దాంతోపాటే వచ్చేస్తుంది.